పన్నెండో తరగతి కుర్రాడు, లెక్కల్లో దిట్ట. కాలేజీ దాకా ఎలా చేర్చాలి?

గోదారిగట్టు_టీచర్ | 2024 సెప్టెంబర్ 14

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను జె-1 వీసా (కొన్నేళ్ళు పనిచేసి వెళ్ళే విదేశీ టీచర్లకి కూడా ఇచ్చేది) మీద వచ్చి సౌత్ కరోలైనాలో ఒక పల్లెటూరి ప్రభుత్వ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇది మూడో ఏడు. ఐ-95 హైవే దిగి పావుగంట లోపలికి వస్తే మా ఊరు. పత్తి చేలు, పైన్ చెట్లు, ఐదారు చర్చీలు, ఒక డాలర్ జనరల్ కొట్టు. నా క్లాసుల్లో ఎక్కువమంది నల్లజాతి పిల్లలే.

పన్నెండో తరగతిలో ఒక అబ్బాయి ఉన్నాడు. పోయినేడాది వాణ్ణి నేనే మూడుసార్లు ఆఫీసుకి పంపాను, క్లాసులో నిద్రపోతున్నాడని. ఇక్కడ దాన్ని రిఫరల్ అంటారు, రికార్డులోకి ఎక్కుతుంది. మూడోసారికి రెండు రోజులు సస్పెండ్ చేశారు. వాడు తిరిగొచ్చిన రోజు నేను బోర్డు మీద లెక్క చేస్తూ ఒక గుర్తు తప్పు వేశాను. ఇరవై ఆరు మందిలో ఎవరూ పట్టుకోలేదు. వాడు బల్ల మీద నుంచి తల ఎత్తకుండానే, ఒక కన్ను తెరిచి, "అక్కడ మైనస్, మిస్" అన్నాడు.

తర్వాత తెలిసింది, వారానికి ఐదు రాత్రులు చికెన్ కొట్లో పదకొండున్నర దాకా పని చేస్తాడని. అమ్మమ్మ దగ్గర ఉంటాడు. ఆ రిఫరల్స్ రాసింది నేను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

నాకు ఎంసెట్ తెలుసు. ర్యాంకు, కౌన్సెలింగ్, సీటు, అంతే. ఇక్కడి పద్ధతి అంతు చిక్కట్లేదు. మా బడిలో కౌన్సెలర్ ఒక్కరే, పిల్లలు నాలుగు వందల పైన. "ఇంజనీర్ అవుతావా?" అని అడిగితే వాడు "రైలు నడపడమా, మిస్?" అన్నాడు. ఇక్కడ రైలు నడిపేవాణ్ణి కూడా ఇంజనీర్ అంటారు. వేళాకోళం కాదు, నిజంగానే అడిగాడు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముక్కుసూటి | సెప్టెంబర్ 14

మేడమ్, మీ మనసు మంచిది, కాదనను. కానీ చదివేవాడు ఎలాగైనా చదువుతాడు. మన పిల్లలు చదవట్లేదా? ఇంట్లో క్రమశిక్షణ ఉండాలి. ఈ [తొలగించబడింది] వాళ్ళకి గవర్నమెంటు ఎంత చేసినా ఇంతే. పైగా కాలేజీల్లో కోటాలు కూడా ఉన్నాయి కదా వాళ్ళకి.

మోడరేటర్ | సెప్టెంబర్ 14

పై పోస్టులో ఒక పదం తీసేశాం. అది మన ఇళ్ళల్లో మామూలుగా వినిపించే మాటే, అందుకే మరీ తీసేశాం. అభిప్రాయం చెప్పండి, ఆ మాట వద్దు.

చికాగో_బాబాయ్ | సెప్టెంబర్ 15

ముక్కుసూటి గారూ, కోటాల సంగతి ముందు తేల్చేద్దాం. కాలేజీ సీట్లకి జాతి కోటా పెట్టకూడదని 1978లోనే బాకీ (Bakke) అనే ఆయన వేసిన కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. జాతిని కూడా ఒక అంశంగా చూడొచ్చన్న వెసులుబాటు మాత్రం మిగిలింది. అదీ 2023 జూన్ 29న హార్వర్డ్, యూఎన్‌సీ (నార్త్ కరోలైనా యూనివర్సిటీ) కేసులతో పోయింది. తన జీవితం మీద జాతి ఎలా పనిచేసిందో పిల్లవాడు వ్యాసంలో రాసుకోవచ్చు, అంతవరకే.

ఇక ఇంటి సంగతి. 1944లో జీఐ బిల్లు వచ్చింది. యుద్ధం నుంచి వచ్చిన సైనికులకి కాలేజీ ఫీజు, ఇంటి లోను. చట్టంలో రంగు మాట ఎక్కడా లేదు. అమలు మాత్రం ఊరి బ్యాంకు చేతిలో, ఊరి ఆఫీసు చేతిలో పెట్టారు. దక్షిణాదిలో తెల్లవాళ్ళ కాలేజీ నల్ల సైనికుణ్ణి గడప తొక్కనివ్వదు. నల్లవాళ్ళ కాలేజీల్లో చోటు చాలక వేలమందిని తిప్పి పంపారు. తాతకి డిగ్రీ, ఇల్లు వచ్చిన కుటుంబంలో మనవడికి కాలేజీ అంటే బెరుకు ఉండదు. మన దగ్గర కరణం గారి మనవడికి, పాలేరు మనవడికి ఉండే తేడాయే ఇదీ.

నేను 1974లో చికాగో ఓహేర్ విమానాశ్రయంలో దిగాను. 1965కి ముందైతే ఇండియా మొత్తానికి ఏడాదికి వంద మందికే చోటు. ఆ తలుపు తెరిచిన వలస చట్టం పౌరహక్కుల ఉద్యమం ఊపులో వచ్చింది. ఎవరు లాఠీదెబ్బలు తింటే మనకి వీసా వచ్చిందో మనవాళ్ళు తొందరగా మర్చిపోయారు.

టీచరమ్మా, మీరున్న ప్రాంతం చరిత్ర తెలుసా? ఐ-95 పక్కనే క్లారెండన్ కౌంటీ. 1940లలో అక్కడ తెల్లపిల్లలకి బడి బస్సులు ఉండేవి, నల్లపిల్లలకి ఒక్కటీ లేదు. తల్లిదండ్రులు చందాలేసుకుని పాత బస్సు కొన్నారు, పెట్రోలు ఖర్చైనా ఇవ్వమని అడిగితే జిల్లావాళ్ళు కుదరదన్నారు. ఆ గొడవే బ్రిగ్స్ వర్సెస్ ఇలియట్ కేసై, 1954 బ్రౌన్ తీర్పులో కలిసింది. దేశమంతా బడుల్లో రంగు గోడ కూలడానికి మూలాల్లో ఒకటి మీ పక్క ఊరి డొక్కు బస్సు.

ఫైనాన్షియల్ఎయిడ్_అక్క | సెప్టెంబర్ 15

బాబాయ్ గారి చరిత్ర పాఠం తర్వాత నా పాఠం చప్పగా ఉంటుంది, కానీ ఇదే ముఖ్యం. నేను ఒక రాష్ట్ర యూనివర్సిటీలో, పిల్లలకి ఆర్థిక సహాయం చూసే ఎయిడ్ ఆఫీసులో పదకొండేళ్ళుగా ఉన్నాను. పిల్లలు చదువులో ఓడిపోవడం కంటే ఫారాల దగ్గర ఓడిపోవడమే ఎక్కువ చూశాను.

టీచర్ గారూ, "అమ్మమ్మ దగ్గర ఉంటాడు" అన్నారు. అక్కడే ఆగండి. ఆమె వాణ్ణి చట్టప్రకారం దత్తత తీసుకుందా? లేక కోర్టు ఆమెని లీగల్ గార్డియన్‌గా నియమించిందా? లేక ఊరికే పెంచుతోందా? మూడూ వేరు. కాలేజీ ఆర్థిక సహాయం కోసం కేంద్ర ప్రభుత్వానికి పెట్టే ఫాఫ్సా ఫారంలో, దత్తత తీసుకుంటే తప్ప, అమ్మమ్మ "పేరెంట్" కాదు. పాలు పట్టి పెంచినా కాదు. ఆమె ఆదాయం రాస్తే అది తప్పు. అమ్మానాన్నల వివరాలు అడుగుతుంది, వాళ్ళు దొరకరు, పిల్లవాడు ఆ పేజీ దగ్గర ల్యాప్‌టాప్ మూసేస్తాడు. పేదపిల్లలకి ప్రభుత్వం తిరిగి కట్టక్కర్లేకుండా ఇచ్చే, ఏడాదికి 7,395 డాలర్ల దాకా వచ్చే పెల్ గ్రాంటు అక్కడితో పోతుంది.

కాగితం ఏముందో చూసి చెప్పండి. ఇంకోటి, మామూలుగా అక్టోబర్ 1న తెరిచే ఫారం ఈసారి డిసెంబర్ 1 లోపు అందరికీ ఇస్తామన్నారు. పోయినేడాది కూడా ఆలస్యమై నానా తంటాలు పడ్డాం. లాగిన్ ఐడీ ఇప్పుడే చేయించండి. స్కూల్ ఈమెయిల్‌తో చేయొద్దు, సొంత ఈమెయిల్‌తో చేయించండి. చాలా బడుల్లో ఆ ఈమెయిల్ గ్రాడ్యుయేషన్ తర్వాత ఆగిపోతుంది.

ప్లేనో_అమ్మ | సెప్టెంబర్ 17

చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాయలేదు. ముక్కుసూటి గారి పోస్టు చూశాక ఆగలేకపోయాను.

నేను గుంటూరు అమ్మాయిని. మా ఆయన బ్లాక్. మా అబ్బాయికి పన్నెండేళ్ళు, వాళ్ళ నాన్న రంగు, జుట్టు. మా అన్నయ్య కొడుకు కూడా అదే వయసు, పది మైళ్ళ దూరంలో ఉంటారు. ఇద్దరూ ఆదివారం మా ఇంట్లో ఒకే పప్పన్నం తింటారు, ఒకే తాతయ్య జూమ్‌లో ఎక్కాలు అప్పజెప్పించుకుంటాడు. అయిదో తరగతి చివర ఇద్దరికీ దాదాపు ఒకే మార్కులు. మేనల్లుణ్ణి వాళ్ళ బడి అడక్కుండానే అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో వేసింది. మా వాడి గురించి వాళ్ళ టీచర్ "రెగ్యులర్‌లో ఉంటే ఒత్తిడి ఉండదు" అని రాసింది. మార్కుల కాగితం పట్టుకుని నేను వెళ్తే, "ఓ, మీరు తల్లా?" అన్నారు. వారం తిరక్కుండా సెక్షన్ మారింది. నేను చీర కట్టుకుని వెళ్ళడం పనిచేసిందేమో అని ఇప్పటికీ అనుమానం. మా ఆయన వెళ్ళి ఉంటే ఏం జరిగేదో మేమిద్దరం మాట్లాడుకోం.

కాబట్టి ఇంట్లో క్రమశిక్షణ అన్న మాట నాకు చెప్పకండి. ఒకే ఇల్లు, ఒకే తాత.

కాలేజీ గొడవ పన్నెండో తరగతిలో మొదలవదు. ఎనిమిదిలో ఆల్జీబ్రా పడితేనే పన్నెండుకి కాల్క్యులస్ అందుతుంది. ఆ గేటు దగ్గర టీచర్ సిఫార్సు కావాలంటే ఏమవుతుందో చెప్పాను కదా. డాలస్ నగరంలో ప్రభుత్వ బడులు నడిపే జిల్లా 2019 నుంచి పద్ధతి తిరగేసింది. అర్హత ఉన్నవాళ్ళందరినీ తామే ఆనర్స్‌లో (పై స్థాయి క్లాసుల్లో) వేస్తారు, వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసివ్వాలి. ఎనిమిదిలో ఆల్జీబ్రా చదివే నల్లపిల్లల వాటా రెట్టింపుకు మించి పెరిగింది. పిల్లలు రాత్రికి రాత్రి తెలివైనవాళ్ళు కాలేదు, సంతకం ఎవరు పెట్టాలన్నది మారింది, అంతే. 2023లో టెక్సస్ మొత్తానికి చట్టం వచ్చింది, అయిదో తరగతి లెక్కల్లో పై నలభై శాతంలో ఉన్నవాళ్ళని ఆరులో అడ్వాన్స్‌డ్‌లో వేయాల్సిందే అని. నార్త్ కరోలైనాలో అంతకుముందే ఉంది.

టీచర్ అక్కా, మీ బడిలో బ్లాక్ మగ టీచర్ ఒక్కరైనా ఉన్నారా? దేశం మొత్తం మీద నూటికి ఇద్దరు కూడా లేరు. మూడు నుంచి అయిదో తరగతి మధ్య ఒక్క నల్ల టీచర్ దగ్గర చదివినా, పేద నల్ల మగపిల్లల్లో బడి మానేయడం 39 శాతం తగ్గిందని నార్త్ కరోలైనా పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. ఎవరైనా ఉంటే, కోచ్ అయినా సరే, ఆయన్ని మీతో కలుపుకోండి. మీరు ఎంత చేసినా కొన్ని మాటలు వాడికి ఆయన నోటి నుంచే వినాలనిపిస్తుంది.

గోదారిగట్టు_టీచర్ | సెప్టెంబర్ 18

చెల్లీ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. నేనూ మార్కులు చూడకుండా తల వాల్చిన పిల్లాణ్ణి చూశాను కదా.

ఉన్నారు. బ్యాండ్ మాస్టారు. నేను మొదటి ఏడు నుంచీ ఆయనకి గుడ్ మార్నింగ్ తప్ప ఇంకోటి చెప్పలేదు. నిన్న వెళ్ళి మాట్లాడాను. "నేను వీడి మామయ్యకి ట్రంపెట్ నేర్పాను" అన్నారు. ఆరెంజ్‌బర్గ్‌లో సౌత్ కరోలైనా స్టేట్‌లో చదివారట.

పాలమూరోడు | సెప్టెంబర్ 20

మేడమ్ నమస్తే. నేను గురుకులం పిల్లగాణ్ణి. మా నాయన బొంబాయికి వలస పోయి మట్టి పని చేసేటోడు. అయిదో తరగతిలో హాస్టల్‌లో వేయకపోతే నేను ఇయ్యాల బాల్టిమోర్‌లో కూర్చొని ఇది రాస్తుండకపోదును. ఇక్కడ శనివారాలు ఒక లైబ్రరీలో నల్లపిల్లలకు లెక్కలు చెప్తా.

ఒక మాట. మీ పిల్లగాణ్ణి ఒక్కణ్ణే పంపకండి. మా ఊరి పక్కనే యూఎంబీసీ అని యూనివర్సిటీ ఉంది. 1988లో ఫ్రీమన్ హ్రబౌస్కీ అనే ఆయన, రాబర్ట్ మేయర్‌హాఫ్ అనే దాత ఇచ్చిన డబ్బుతో, సైన్సులో నల్ల మగపిల్లల కోసమే ఒక కార్యక్రమం పెట్టిండు. మరుసటేడు మొదటి బ్యాచ్, 19 మంది. తర్వాత అమ్మాయిలకు, ఆ తర్వాత అన్ని జాతులకు తెరిచిండ్రు. ఈ హ్రబౌస్కీ సామాన్యుడు కాదు. బర్మింగ్‌హామ్‌ల పుట్టిండు. 1963లో పిల్లల ఊరేగింపులో నడిచి పన్నెండేళ్ళకే జైల్లో పడ్డడు.

వాళ్ళ పద్ధతి నాకు మా హాస్టల్‌నే గుర్తు చేసింది. కాలేజీ మొదలయ్యే ముందు ఎండాకాలమే పిల్లలను తీసుకొచ్చి ఒక్క చోట ఉంచి క్లాసులు పెడ్తరు. గుంపుగ చదువుకొమ్మంటరు. మొదటి కెమిస్ట్రీ పరీక్షల సి గ్రేడు వస్తే మామూలు కాలేజీల పిల్లగాడు "నాతోని కాదు" అని మేజర్ (ముఖ్య సబ్జెక్టు) మార్చుకుంటడు, ఇక్కడ పక్కోడు లేపి కూర్చోబెడ్తడు. కోవిడ్ టీకా పరిశోధనల పేరొచ్చిన కిజ్మేకియా కార్బెట్ అక్కడ చదివిన ఆమెనే.

మా హాస్టల్‌ల కూడా అంతే. సార్లు చెప్పిన దానికంటే రాత్రి పది తర్వాత బ్యాటరీ లైటు కింద సీనియర్లు చెప్పిందే ఎక్కువ.

పాంథర్_పూర్వవిద్యార్థి | సెప్టెంబర్ 21

అట్లాంటాలో జార్జియా స్టేట్‌లో ఎంఎస్ చేశాను, మన తెలుగువాళ్ళు బోలెడుమంది ఉంటారు అక్కడ. మనం గమనించని సంగతి, అదే బడి అండర్‌గ్రాడ్‌లో నల్లపిల్లలు మిగతావాళ్ళతో సమానంగా డిగ్రీ పూర్తి చేస్తున్నారు. దేశంలో అది అరుదు.

ఏం చేశారంటే పెద్ద మంత్రం ఏం లేదు. పిల్లవాడు తప్పు కోర్సు తీసుకున్నా, మొదటి పరీక్ష చెడినా సలహాదారు స్క్రీన్ మీద కనిపిస్తుంది, పిలిచి మాట్లాడతారు. రెండోది, ఫీజులో కొద్దిపాటి డబ్బు తక్కువై పేరు తీసేయబోతున్న పిల్లల్ని వెతికి, వాళ్ళు అడక్కుండానే ఆ తేడా కట్టేస్తారు. పాంథర్ రిటెన్షన్ గ్రాంట్ అంటారు. సగటున తొమ్మిది వందల డాలర్లు. మూడేళ్ళు చదివినవాడు ఒక ఐఫోన్ ఖరీదుకి ఆగిపోవడం ఏమిటి చెప్పండి.

అందుకని కాలేజీ చూసేటప్పుడు సీటొచ్చిందా అని కాదు, ఎంతమంది పూర్తి చేస్తున్నారో, చేతి నుంచి ఎంత పెట్టాలో చూడండి.

చికాగో_బాబాయ్ | సెప్టెంబర్ 21

నిజం. మా ఊళ్ళో అర్బన్ ప్రెప్ అని నల్ల మగపిల్లల హైస్కూలు ఉంది. 2010లో మొదటి బ్యాచ్ 107 మందీ నాలుగేళ్ళ కాలేజీల్లో సీటు తెచ్చుకున్నారు. సీటొచ్చిన రోజు ఎర్ర టై విప్పేసి ఎరుపు, బంగారు చారల టై కట్టేవాళ్ళు. టీవీలో చూసి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది. అయితే సీటు రావడం వేరు, డిగ్రీ చేతికి రావడం వేరు. టై కట్టడానికి అందరూ వస్తారు. రెండో సెమిస్టర్‌లో బస్సు పాసుకి డబ్బుల్లేనప్పుడు ఎవరొస్తారు?

న్యూయార్క్‌లో క్యూనీ (నగర యూనివర్సిటీ) వాళ్ళు ఏసాప్ అనే కార్యక్రమంతో 2007లో అదే మొదలుపెట్టారు. మెట్రోకార్డు (బస్సు, రైలు పాసు), పుస్తకాలు, ఒక సలహాదారు. రెండేళ్ళ డిగ్రీని మూడేళ్ళలో పూర్తి చేసేవాళ్ళు 22 శాతం నుంచి 40 శాతానికి పెరిగారు. మెట్రోకార్డు, చూడండి!

గోదారిగట్టు_టీచర్ | అక్టోబర్ 6

అక్కా, కాగితం చూశాను. ఆదివారం చర్చి అయ్యాక అమ్మమ్మగారి ఇంటికి వెళ్ళాం, నేనూ బ్యాండ్ మాస్టారూ. ఆవిడకి డెబ్బై ఒకటి. అందర్నీ "బేబీ" అంటారు, నన్నూ. బిస్కెట్ల రేకు డబ్బాలోంచి తీశారు, పిల్లాడి టీకాల కార్డు, అల్లుడి చావు సర్టిఫికెట్, ఒక కోర్టు ఆర్డరు. దాని మీద "కస్టడీ" అని ఉంది. గార్డియన్‌షిప్ అని లేదు. తల్లి ఎనిమిదేళ్ళుగా ఎక్కడుందో తెలియదట. ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ డబ్బా మూత పెడుతూ తీస్తూ ఉన్నారు.

న్యూక్లియర్ ఇంజనీరింగ్ సంగతి కూడా వచ్చింది. ఆరెంజ్‌బర్గ్‌లో అది చెబుతారు, నల్లవాళ్ళ చారిత్రక కాలేజీల్లో ఆ కోర్సు దాదాపు ఎక్కడా లేదు. మాస్టారు చెప్పగానే పిల్లాడు తల ఎత్తాడు. అమ్మమ్మగారు మాత్రం "అదేనా, 2017లో కట్టకుండా వదిలేసిన ప్లాంటు? దానికి నా కరెంటు బిల్లులో వసూలు చేశారు, బేబీ" అన్నారు. ఇంకేం జవాబు చెప్తాం.

ఫైనాన్షియల్ఎయిడ్_అక్క | అక్టోబర్ 6

కస్టడీ సరిపోదు, నేను భయపడ్డది అదే. కానీ దారి ఉంది. తల్లిని చేరుకోలేని పరిస్థితి ఉందని ఫారంలో "అసాధారణ పరిస్థితులు" అన్న ప్రశ్నకి అవునని పెట్టండి. అప్పుడు తల్లిదండ్రుల వివరాలు లేకుండానే ఫారం వెళ్తుంది, తాత్కాలికంగా స్వతంత్ర విద్యార్థిగా లెక్క వేస్తారు. తర్వాత ప్రతి కాలేజీ విడివిడిగా రుజువులు అడుగుతుంది. కోర్టు ఆర్డరు, కౌన్సెలర్ ఉత్తరం, పాస్టర్ ఉత్తరం, మీ ఉత్తరం. ఉత్తరంలో జాలి రాయొద్దు. "ఫలానా ఏడాది నుంచి నాకు తెలిసి తల్లి బడికి రాలేదు, ఫోను లేదు, డబ్బు పంపలేదు" అని తేదీలు, నిజాలు. ఎయిడ్ ఆఫీసులో నాలాంటిది ఫైలులో పెట్టుకోవాల్సింది అదే.

సౌత్ కరోలైనా రాష్ట్రం ఇచ్చే లైఫ్ స్కాలర్‌షిప్ కూడా చూడండి. జీపీఏ (మార్కుల సగటు) 3.0, కాలేజీ ప్రవేశ పరీక్ష శాట్‌లో 1100, క్లాసులో పై ముప్పై శాతం. ఈ మూడింటిలో రెండు చాలు. 5,000 డాలర్ల దాకా. సైన్సు, ఇంజనీరింగ్‌వాళ్ళకి రెండో ఏడు నుంచి 7,500 వరకు పెరుగుతుంది, కాకపోతే మొదటి ఏడాదిలోనే లెక్కలు, సైన్సు కలిపి 14 క్రెడిట్లు చేసి ఉండాలి. ఇది చాలామందికి మొదటి ఏడు అయిపోయాక తెలుస్తుంది.

ముక్కుసూటి | అక్టోబర్ 8

నా అభిప్రాయం పూర్తిగా మారిందని అనుకోకండి. కష్టపడేవాడికే ఏదైనా. ఈ కుర్రాడు రాత్రి పదకొండున్నర దాకా పనిచేసి పొద్దున బడికి వస్తున్నాడంటే కష్టపడుతున్నాడు, ఒప్పుకుంటున్నా. మా అమ్మాయి టీఐ-84 క్యాలిక్యులేటర్ డ్రాయర్లో పడి ఉంది. శాట్‌కి పనికొస్తుంది. పంపనా?

గోదారిగట్టు_టీచర్ | అక్టోబర్ 8

పంపండి అన్నయ్యా.

పాలమూరోడు | నవంబర్ 2

కాలేజీ దరఖాస్తు వ్యాసం ఎట్ల నడుస్తుంది మేడమ్?

గోదారిగట్టు_టీచర్ | నవంబర్ 3

అదే గొడవ. కౌన్సెలర్ తల్లి గురించి రాయమంటున్నారు, కమిటీకి మనసు కరుగుతుందని. వాడు పెన్ను పట్టుకుని గంట కూర్చుని ఒక్క వాక్యం రాయలేదు. నేను కూడా మొదట రాయమనే అన్నాను.

ప్లేనో_అమ్మ | నవంబర్ 3

వద్దక్కా. మా ఆయన పద్దెనిమిదేళ్ళప్పుడు అలాంటి వ్యాసమే రాశాడు. సీటొచ్చింది. ఇప్పటికీ ఆ కాగితం చూడడు. తన ఏడుపు అమ్ముకుని లోపలికి వెళ్ళానన్న బాధ. వాడికి ఏమంటే ఇష్టమో అడగండి.

గోదారిగట్టు_టీచర్ | నవంబర్ 10

అడిగాను. చర్చిలో సౌండ్ బాక్సు గుయ్యిమంటుంటే వాడే బాగుచేస్తాడట. ఎర్త్ వైరు ఎక్కడ వదులైందో వెతకడానికి మూడు ఆదివారాలు పట్టిందట, ఎందుకంటే ప్రార్థన జరిగేటప్పుడు మాత్రమే గుయ్యిమంటుంది. వంటింటి ఫ్రిజ్ అప్పుడే ఆన్ అవుతుంది, భోజనాలకి. అది రాశాడు. చదివి పడీ పడీ నవ్వాను. చివర్లో ఒక్క వాక్యం, "మా అమ్మమ్మ ముందు వరుసలో కూర్చుంటుంది, ఆమెకి పాట సరిగ్గా వినపడాలి."

పాంథర్_పూర్వవిద్యార్థి | నవంబర్ 10

అది చాలు. ఇంకేం కలపకండి.

గోదారిగట్టు_టీచర్ | నవంబర్ 25

ఫారం తెరిచారు. బడి లైబ్రరీలో సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా కూర్చున్నాం. అక్క చెప్పిన ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి వాడు మౌస్ వదిలేసి "మిస్, అవునని పెడితే అమ్మ మీద కేసవుతుందా?" అన్నాడు. లేదని చెప్పినా నమ్మలేదు. బ్యాండ్ మాస్టారు వచ్చి పక్కన కూర్చుని, "మా నాన్న విషయంలో నేనూ ఇలాంటి కాగితమే పెట్టాను బాబూ" అన్నారు. అప్పుడు నొక్కాడు. నాకిన్నాళ్ళూ తెలియదు ఆయన సంగతి.

గోదారిగట్టు_టీచర్ | 2025 మార్చి 29

రెండు సీట్లు వచ్చాయి. ఒకటి పెద్ద పేరున్న కాలేజీ, కానీ మొదటి ఏడు మరో చోట చదివి రావాలి, చేతి నుంచి ఏడాదికి తొమ్మిది వేల డాలర్ల పైన. రెండోది ఆరెంజ్‌బర్గ్, సౌత్ కరోలైనా స్టేట్, న్యూక్లియర్ ఇంజనీరింగ్. పెల్, లైఫ్, వాళ్ళ సొంత స్కాలర్‌షిప్ కలిపితే అప్పు చాలా తక్కువ.

నాకు పెద్ద పేరు మీదే మనసు లాగుతోంది, దాచను. మనవాళ్ళకి ఎక్కడ చదివావంటే పేరు చెప్పాలి కదా.

పాంథర్_పూర్వవిద్యార్థి | మార్చి 29

పేరు మనకి కావాలి మేడమ్, వాడికి డిగ్రీ కావాలి. తొమ్మిది వేలు నాలుగేళ్ళు, లెక్క మీరే చేయగలరు.

చికాగో_బాబాయ్ | మార్చి 30

నేను మాత్రం పూర్తిగా ఒప్పుకోను. పెద్ద బడుల్లో ల్యాబులు, పరిచయాలు వేరు, ఆ మాట కొట్టిపారేయకండి. కానీ పిల్లాడు ఏమంటున్నాడు? ముగ్గురం మాట్లాడుతున్నాం, వాణ్ణి ఎవరూ అడగలేదు.

గోదారిగట్టు_టీచర్ | ఏప్రిల్ 6

అడిగాను. చూడటానికి కూడా తీసుకెళ్ళాం. ల్యాబులో నల్ల ప్రొఫెసర్ ఒకాయన వాడితో ఇరవై నిమిషాలు రేడియేషన్ కొలిచే పరికరం గురించి మాట్లాడారు. కారెక్కాక వాడు అన్నది ఇదే, "మిస్, ఆయన నన్ను ఏ ఆట ఆడతావని అడగలేదు." ఆరెంజ్‌బర్గ్‌కే వెళ్తున్నాడు.

పాలమూరోడు | ఏప్రిల్ 6

ఆట సంగతి మా లైబ్రరీ పిల్లలు కూడా చెప్తరు. ఆరడుగులు ఉంటే చాలు, బాస్కెట్‌బాలా అనే అడుగుతరు అందరు.

ఫైనాన్షియల్ఎయిడ్_అక్క | జూన్ 11

టీచర్ గారూ, అందరూ హాయిగా ఉన్నారు కాబట్టి నేను టెన్షన్ పెడతాను. ఇప్పటి నుంచి ఆగస్టు దాకానే అసలు గండం. సీటొచ్చి, వెళ్తానని చెప్పి, క్లాసులకి రాకుండా పోయేవాళ్ళు నూటికి పది, ఇరవై మంది ఉంటారు. సమ్మర్ మెల్ట్ అంటారు, ఎండకి కరిగిపోవడమే. బడి కౌన్సెలర్ సెలవులో ఉంటారు, కాలేజీకి వాడింకా ఎవరో తెలియదు. టీకాల ఫారం, హాస్టల్ అడ్వాన్సు, ఓరియంటేషన్, లెక్కల ప్లేస్‌మెంట్ పరీక్ష. వారానికోసారి వాడికి మెసేజ్ పెట్టండి. నిజంగా మెసేజ్‌ల వల్లే తేడా వస్తుందని అధ్యయనాలు కూడా ఉన్నాయి.

గోదారిగట్టు_టీచర్ | జులై 17

అక్కా, మీరు సెప్టెంబర్‌లోనే చెప్పినా తప్పు జరిగింది. ఫాఫ్సా సొంత ఈమెయిల్‌తో చేశాం, కానీ కాలేజీ దరఖాస్తు బడి ఈమెయిల్‌తో ఉండిపోయింది. అది జూన్‌లో ఆగిపోయింది. అమ్మమ్మగారి కస్టడీ కాగితం మళ్ళీ పంపమని మూడు మెయిళ్ళు వచ్చి ఎవరికీ చేరలేదు. వాడు ఫోన్ చేస్తే లైనులో నలభై నిమిషాలు. చికెన్ కొట్లో బ్రేకు పదిహేను నిమిషాలే.

ఈ రోజు నేను సెలవు పెట్టుకుని నా ఫోన్‌తో లైనులో ఉండి, మనిషి దొరికాక వాడికి కలిపాను. తీసినావిడ ఓపిగ్గా విని, అప్పటికప్పుడు కాగితం తీసుకుని, ఫైలు సరి చేశారు. ఆరున్నర నిమిషాల పని.

ఫైనాన్షియల్ఎయిడ్_అక్క | జులై 17

ఆ నలభై నిమిషాల లైను దగ్గరే కరిగిపోతారమ్మా పిల్లలు.

గోదారిగట్టు_టీచర్ | ఆగస్టు 9

వచ్చే శనివారం హాస్టల్లో చేర్చాలి. బ్యాండ్ మాస్టారి వ్యాన్‌లో వెళ్తున్నాం, అమ్మమ్మగారు ముందు సీటు. ఒక చిన్న సమస్య. ఆవిడ రెండు నెలలుగా కూపన్లు దాచి దుప్పటి సెట్లు కొన్నారు, ఇస్త్రీ కూడా చేసి పెట్టారు. కాలేజీ జాబితాలో చూస్తే "ట్విన్ ఎక్స్‌ఎల్" అని ఉంది. ఆవిడ కొన్నది మామూలు ట్విన్. మూలలు అందవు, పొట్టి అవుతాయి. ఎలా చెప్పాలో తెలియట్లేదు.

ముక్కుసూటి | ఆగస్టు 9

చెప్పకండి. ఆవిడవి పైన కప్పుకోవడానికి వాడమనండి. ట్విన్ ఎక్స్‌ఎల్ రెండు సెట్లు ఇప్పుడే ఆర్డర్ పెడుతున్నా, మీ అడ్రస్ ప్రైవేట్ మెసేజ్ చేయండి. నీలం రంగా, బూడిద రంగా?

గోదారిగట్టు_టీచర్ | ఆగస్టు 9

అడిగి చెప్తాను. షిఫ్టులో ఉన్నాడు, పదకొండున్నరకి వస్తాడు.